బెంగళూరు వంకాయ పెంచాలంటే ముందు పందిరి సంగతి చూడండి

బెంగళూరు వంకాయ తీగ పెడదామనుకుంటున్నానని ఎవరైనా అంటే నేను మట్టి గురించీ ఎరువు గురించీ అడగను, పందిరి ఎక్కడ వేస్తున్నారని అడుగుతాను. చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు. ఈ తీగ కథ దాదాపు అందరి దగ్గరా ఒకేలా మొదలవుతుంది మరి. కూరగాయల బుట్టలో అడుగున పడి మరిచిపోయిన కాయ ఒకటి తనంతట తానే మొలకెత్తుతుంది, పారేయడానికి మనసొప్పక ఖాళీగా ఉన్న ఏదో కుండీలో గుచ్చుతారు, నాలుగు ఆకులు రాగానే సంబరం, ఆ తర్వాత అది కిటికీ ఊచలు పట్టుకుని, బట్టల తీగ పట్టుకుని, పక్కవాళ్ల గోడ కూడా ఎక్కేసరికి ఏం చేయాలో తోచదు. అప్పుడు పందిరి వేద్దామంటే అల్లుకుపోయిన తీగను విడదీయడం కుదరదు.

ఇది బీరలాగా కాకరలాగా ఒక సీజన్ కాసి ఎండిపోయే పాదు కాదు. నేలలో దుంప ఊరుతుంది, ఏళ్ల తరబడి బతుకుతుంది. బాగా కుదిరితే 10 నుంచి 15 మీటర్ల దాకా పాకుతుంది. కాయ ఒక్కోటి 200 నుంచి 500 గ్రాముల వరకు తూగుతుంది, 300 గ్రాములే వేసుకున్నా ఒకేసారి 50 కాయలు వేలాడుతుంటే 15 కిలోలు. దానికి తోడు వాన పడితే తడిసిన ఆకుల బరువు, గాలి వీస్తే ఆ ఊపు. పురికొస కట్టి, సన్న వెదురు పుల్ల గుచ్చి "ఇది చాలులే" అనుకుంటే సరిగ్గా కాపు మీదున్నప్పుడే మొత్తం కూలుతుంది. కూలిన తీగను ఎత్తి కట్టడం అయ్యే పని కాదు, కాడలు పుటుక్కున విరుగుతాయి.

సీమ వంకాయ అన్నా, చౌచౌ అన్నా, చయోటే అన్నా ఇదే. సొర, దోస, గుమ్మడి కుటుంబం. శాస్త్రీయ నామం సెకియం ఎడ్యూలే. పుట్టిల్లు మెక్సికో దక్షిణ భాగం, గ్వాటెమాలా వైపు కొండలు. చల్లటి గాలి, దండిగా వాన, ఆకు రాలి కుళ్లిన మెత్తటి మట్టి, ఇదీ అక్కడి వాతావరణం. ప్రపంచమంతా తిరిగినా ఆ కొండల అలవాట్లు మాత్రం దీన్ని వదల్లేదు. సగటున 13 నుంచి 21 డిగ్రీల మధ్య దీనికి హాయిగా ఉంటుంది. 28 దాటితే ఆకు మీద ఆకు వేస్తూ పోతుంది కానీ పూలూ పిందెలూ రాల్చేస్తుంది, 13 కంటే కిందికి దిగితే లేత పిందెలు దెబ్బతింటాయి, మంచు గడ్డకట్టిందంటే పైనున్న తీగంతా నల్లబడి చచ్చిపోతుంది. వేడి ప్రాంతంలో అసలు పెరగదా అంటే, పెరుగుతుంది. కాకపోతే ఎండాకాలం ప్రాణం నిలబెట్టుకుని, చల్లబడ్డాక కాస్తుంది. ఈ ఒక్క విషయం ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇక విత్తనం. దీని విత్తనాల ప్యాకెట్ కోసం వెతక్కండి, దొరకదు. కాయకు ఒక్కటే గింజ, దానికి గట్టి పెంకు ఉండదు, తీసి ఆరబెడితే చచ్చిపోతుంది. గింజ కాయలోపలే, కొన్నిసార్లు తీగ మీద వేలాడుతుండగానే మొలకెత్తేస్తుంది. మొక్కల్లో ఇలాంటివి తక్కువ. అందుకని నాటేది గింజను కాదు, మొత్తం కాయను. వేళ్లు పట్టుకునే దాకా ఆ మొలకకు కావాల్సిన నీళ్లూ తిండీ ఆ కాయ కండలోనే ఉంటాయి.

ఏ కాయ తీసుకోవాలంటే, కూరకు ఏరుకునేది కాకుండా దానికి పూర్తిగా వ్యతిరేకమైనది. బాగా ముదిరి, పెద్దగా, తొక్క కాస్త బిరుసెక్కి, ఎక్కడా మెత్తబడకుండా ఉన్నది చూడండి. లేత కాయలో గింజ ఇంకా తయారై ఉండదు, ఎన్నాళ్లు పెట్టినా ముడుచుకుని కుళ్లిపోతుంది తప్ప మొలవదు. ఫ్రిజ్‌లో చాలా రోజులు ఉన్న కాయ మీద కూడా నాకు నమ్మకం లేదు, చలికి లోపల దెబ్బతిని ఉంటుంది. ఒకటి కాదు, మూడు నాలుగు కాయలు తీసుకుని ఒకదానికొకటి తగలకుండా, నేరుగా ఎండ పడని చోట, గాలి ఆడే గూట్లో పెట్టేయండి. నీళ్లు చల్లొద్దు, తడి గుడ్డ చుట్టొద్దు. కొన్ని వారాలు పట్టొచ్చు.

మొలక వచ్చే తీరు దగ్గరగా చూడదగ్గది. కాయను తిప్పి చూస్తే ముచ్చికకు ఎదురుగా ఉన్న వెడల్పు వైపు అడ్డంగా ఒక ముడత కనిపిస్తుంది, బోసినోరు బిగించి మూసినట్టు. మొదట ఆ ముడత కొద్దిగా తెరుచుకుంటుంది. లోపలి నుంచి తెల్లగా, చదునుగా, నున్నగా గింజ కొస బయటికి తోసుకొస్తుంది, అది బద్దలుగా విడిపోతుంది. ఆ సందులోంచే ఒక పక్క సన్నటి తెల్ల వేళ్లు, మధ్యలోంచి వంకర తిరిగిన ఆకుపచ్చ మొలక వస్తాయి. మొలక మొదట్లో ఆకులు లేకుండా కాడలాగే సాగుతుంది, చీకట్లో పెడితే పాలిపోయి మూరెడు సాగుతుంది. వెలుతురు తగిలేలా పెడితే పొట్టిగా, గట్టిగా ఉంటుంది. బెత్తెడు పొడవు రాగానే నాటేయొచ్చు. మరీ సాగిపోయి ఉంటే మూడు నాలుగు కణుపులు ఉంచి కొస తుంచేయండి, పక్కల నుంచి కొత్త చివుళ్లు వేస్తుంది, బెంగ అక్కర్లేదు.

నాటేటప్పుడు కాయను ఏటవాలుగా పెట్టాలి. మొలక వచ్చిన వెడల్పు భాగం మట్టిలోకి, సన్నటి ముచ్చిక భాగం కాస్త పైకి, మట్టిలోంచి కొద్దిగా బయటికి కనిపించేలా. మొలక పొడుగ్గా ఉంటే దాన్ని మట్టిలో పూడ్చకుండా కొస పైకి వంచి వదిలేయాలి. కాయ మొత్తాన్ని లోతుగా పాతిపెడితే, అందులోనూ మట్టి జిగటగా ఉంటే, వేళ్లు పోసుకునేలోపే కుళ్లు వచ్చి పోతుంది. తొక్క తీసి పెట్టాలనీ సగానికి కోసి పెట్టాలనీ అనేవాళ్లు ఉన్నారు, ఆ మాటలు వినకండి. కోసిన చోటే కుళ్లు మొదలవుతుంది.

గుంత అడుగున్నర నుంచి రెండడుగుల వెడల్పు, అంతే లోతు ఉంటే బాగుంటుంది. బాగా మాగిన పశువుల ఎరువో కంపోస్టో సగం, తవ్వి తీసిన మట్టి సగం కలిపి నింపి, నేల మట్టం కంటే కొద్దిగా ఎత్తుగా బోదెలాగా చేసి దాని మీద నాటండి. ఎత్తు ఎందుకంటే దీనికి నీళ్లు ఇష్టం, నిలవ నీళ్లు గిట్టవు. ఎప్పుడూ చెమ్మ ఉండాలి కానీ కాయ చుట్టూ బురద ఉండకూడదు. పచ్చి పేడ వేశారంటే ఆ వేడికి లేత వేళ్లు మాడతాయి. మట్టి కొద్దిగా ఆమ్లంగా, పీహెచ్ 6 నుంచి 6.8 మధ్య ఉంటే మంచిది. అంత లెక్క చూడలేనివాళ్లు మట్టిలో కుళ్లిన ఆకు ఎక్కువ కలపండి, చాలు. వరసగా తీగలు పెట్టేవాళ్లు ఒకదానికీ ఒకదానికీ మధ్య 2.5 నుంచి 3 మీటర్లు వదలాలి, ఇంటి మటుకు అయితే ఒక తీగే ఎక్కువ.

మొదటి రెండు మూడు వారాలు నీళ్లతో జాగ్రత్త. కాయలో తేమ ఉంటుంది కాబట్టి మట్టి పైపైన ఆరాక కాస్త తడిపితే చాలు. ఆకులు విచ్చుకుని తీగ సాగడం మొదలయ్యాక మాత్రం దాహం మొదలవుతుంది.

కుండీలో పెంచొచ్చా అని చాలామంది అడుగుతారు. పెంచొచ్చు, కానీ పూల కుండీలో కాదు. కనీసం 60, 70 లీటర్ల మట్టి పట్టే డ్రమ్మో పెద్ద గ్రో బ్యాగో కావాలి, అడుగున నీళ్లు పోయే రంధ్రాలు బాగా ఉండాలి. వేళ్లు ఊరి దుంప కట్టే మొక్క ఇది, చోటు లేకపోతే ఆకులు వేస్తుంది కానీ కాపు నిలబెట్టలేదు. వేసవిలో కుండీలో మట్టి వేడెక్కుతుంది కాబట్టి కుండీ పక్కలకు ఎండ కొట్టకుండా ఇంకో కుండీనో, గోనెపట్టానో అడ్డం పెట్టడం మంచిది. నన్నడిగితే నేల ఉన్నవాళ్లు నేలలోనే పెట్టుకోండి, కుండీ అనేది వేరే దారి లేనప్పుడు.

కాయతో పనిలేకుండా కొమ్మ ముక్కలతో కూడా పెంచొచ్చు. ముదురు తీగ మొదట్లో వచ్చే గట్టి చివుళ్లను జానెడు పొడవున కణుపు కింద కోసి, కింది ఆకులు తీసేసి, తేమగా ఉన్న ఇసుకలోనో కోకోపీట్‌ (కొబ్బరి పీచు పొట్టు)లోనో నీడలో ఉంచితే వేళ్లు వేస్తాయి. లేదా తీగనే నేల మీదికి వంచి ఒక కణుపు మీద మట్టి కప్పి, అక్కడ వేళ్లు వచ్చాక కోసి వేరు చేయొచ్చు. దీనివల్ల లాభం ఏమిటంటే, కాయ నుంచి వచ్చిన మొక్క తల్లి తీగలా ఉంటుందన్న గ్యారంటీ లేదు. తేనెటీగలు ఎక్కడి పుప్పొడి తెచ్చాయో ఎవరికి తెలుసు, నున్న కాయ నాటితే ముళ్ల కాయలు రావచ్చు, లేతాకుపచ్చది నాటితే ముదురాకుపచ్చది రావచ్చు. నచ్చిన తీగ దొరికి అచ్చంగా అదే కావాలంటే కొమ్మ ముక్కే దారి.

ఇప్పుడు పందిరి. నా లెక్కలో అసలు పని ఇదే, నాటడానికి అరగంట పడితే దీనికి ఒక పూట పడుతుంది, ఆ పూట ముందే పెట్టండి. మనిషి తలెత్తుకుని కింద నడిచేలా ఆరున్నర అడుగుల ఎత్తు ఉంటే కాయ కోయడం తేలిక, మనిషి కంటే పొట్టిగా వేస్తే వంగి వంగి నడుం పోతుంది, మరీ ఎత్తయితే నిచ్చెన కావాలి. గుంజలు ఇనుప పైపులైనా, సిమెంటు స్తంభాలైనా, గట్టి కర్రలైనా సరే కానీ కనీసం అడుగున్నర లోతు పాతాలి. పైన నాలుగు వైపులా లావు జీఐ వైరు (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుప తీగ) బిగించి, మధ్యలో సన్న వైరును అడుగు గళ్లుగా అల్లాలి. నైలాన్ వల ఒక్కదాన్నే నమ్ముకుంటే కాయల బరువుకు మధ్యలో సంచిలాగా కుంగుతుంది, వలకు కింద వైరు ఆసరా ఉండాలి. గోడకు ఆనించి నిలువుగా కూడా ఎక్కించొచ్చు, కంచె మీదికి వదలొచ్చు, కానీ అడ్డంగా పరిచిన పందిరి మీద కాయలన్నీ కిందికి వేలాడి ఒక్క చూపులో కనిపిస్తాయి. నిలువు కంచె మీద సగం కాయలు ఆకుల చాటున దాక్కుని ముదిరిపోయి, మొలకెత్తాక గానీ కంటపడవు.

పందిరి ఎక్కడ అనేది కూడా ముఖ్యం. పొద్దుటి ఎండ బాగా తగిలి, మధ్యాహ్నం ఎండ నుంచి గోడో చెట్టో కాస్త కాపాడే చోటు దొరికితే అంతకంటే కావాల్సింది లేదు. చల్లటి ప్రాంతమైతే రోజంతా ఎండ ఉన్నా పర్వాలేదు. ఈదురుగాలి నేరుగా కొట్టే చోటు వద్దు, ఆకులు పెద్దవి, చిరిగిపోతాయి. చెట్టు మీదికి వదిలేద్దాం అనే ఆలోచన కూడా కొందరికి వస్తుంది. తీగ ఎక్కుతుంది, సందేహం లేదు, ఎక్కి ఆ చెట్టుకే వెలుతురు అందకుండా చేస్తుంది.

తీగ మొదలు నుంచి పందిరి దాకా మాత్రం ఒక తాడు కట్టి ఎక్కించాలి. నులితీగలు ఎక్కడ దేనికి తగిలితే దాన్ని చుట్టేసుకుంటాయి. ఒక నులితీగ చూడండి, కొసలు చీలి చీలి ఉంటాయి, ఒక కొస వైరును అందుకోగానే రెండు మూడు చుట్లు బిగిస్తుంది, తర్వాత మిగతా కాడంతా స్ప్రింగులా చుట్టుకుని తీగను దగ్గరికి లాక్కుంటుంది. ఆ స్ప్రింగు మధ్యలో ఒకచోట చుట్టు దిశ మారుతుంది, సగం కుడికి, సగం ఎడమకి. రెండు కొసలూ కదలకుండా ఉన్నప్పుడు మెలి పడాలంటే అలా మారక తప్పదు. గాలికి తీగ ఊగినా తెగకుండా ఉండేది ఈ స్ప్రింగు వల్లే. కాబట్టి పట్టుకున్న నులితీగలను పీకి మనకు నచ్చిన వైపు తిప్పడం వద్దు, కొస ఇంకా లేతగా, ఏదీ పట్టుకోకుండా ఉన్నప్పుడే దారి మళ్లించండి.

తీగ పందిరి ఎక్కే దాకా పక్క కొమ్మలు తీసేసి ఒకటో రెండో కాడలనే పైకి పోనివ్వండి. పైకి చేరాక కొస గిల్లేస్తే నాలుగు వైపులా కొమ్మలు వేసి పందిరి త్వరగా నిండుతుంది. గిల్లిన చివుళ్లు పారేయక్కర్లేదు, తినొచ్చు. ఈ మొక్కలో కాయ, చివుళ్లు, దుంప అన్నీ తినదగ్గవే. కాడలను కూడా వదలనివాళ్లు ఉన్నారు, హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఈ తీగ కాడలను చీల్చి ఆరబెట్టి టోపీలు అల్లుతారు.

నీళ్లు, ఎరువు గురించి పెద్ద రహస్యం ఏమీ లేదు. వేళ్లు నేల పైపొరల్లోనే ఎక్కువగా ఉంటాయి కాబట్టి తీగ మొదలు చుట్టూ ఎండు ఆకులో గడ్డో నాలుగంగుళాల మందాన పరచాలి, కాండానికి ఆనకుండా కొంచెం ఎడంగా. దాంతో తేమ నిలుస్తుంది, వేళ్లు చల్లగా ఉంటాయి, కలుపు రాదు. నీళ్లు రోజూ చిలకరించడం కంటే రెండు మూడు రోజులకోసారి వేళ్ల దాకా దిగేలా పోయడం నయం, మరీ ఎండలుంటే రోజూ పోయక తప్పదు. మధ్యాహ్నం ఆకులు వాలి సాయంత్రానికి లేస్తే కంగారు పడొద్దు, పొద్దున్నే వాలి ఉంటే అప్పుడు ఆలోచించాలి.

నెలకోసారి రెండు దోసిళ్ల వర్మీకంపోస్టో మాగిన ఎరువో మొదట్లో వేసి మట్టి కప్పితే చాలు. ఇక్కడే చాలామంది చేయి జారుతుంది. పూత రావడం లేదని యూరియా వేస్తారు. నత్రజని ఎక్కువైతే ఈ తీగ ఇంకా ఆకులు వేస్తుంది, పందిరి నల్లగా నిగనిగలాడుతుంది, పువ్వు మాత్రం ఒక్కటీ ఉండదు. పూత కాలం దగ్గరపడేటప్పుడు నత్రజని తగ్గించి, కొద్దిగా కట్టెల బూడిద లాంటి పొటాష్ ఇచ్చేది వేయండి.

అసలు పూత ఎందుకు రాదో చెప్పాలి, నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. "ఆరు నెలలైంది, పందిరి నిండింది, ఒక్క పువ్వు లేదు, పీకేయనా?" అని. పీకేయకండి. ఈ తీగ క్యాలెండర్ చూడదు, పగటి పొడవు చూస్తుంది. పగలు దాదాపు పన్నెండు గంటలకు తగ్గితే గానీ పూత మొదలుపెట్టదు. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో పగలు ఏడాదంతా ఇంచుమించు పన్నెండు గంటలే కాబట్టి అక్కడ ఎప్పుడు పడితే అప్పుడు పూస్తుంది. దూరం పోయేకొద్దీ వేసవి పగళ్లు పొడుగవుతాయి, అప్పుడు తీగ ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది. ఉత్తరార్ధగోళంలో సెప్టెంబరు చివర పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల నుంచి పూలు కనిపిస్తాయి, దక్షిణార్ధగోళంలో అది మార్చి తర్వాత. మనం చేయగలిగిందల్లా ఆ రోజులు వచ్చేసరికి పెద్ద తీగ, నిండిన పందిరి తయారుగా ఉండేలా నాలుగైదు నెలలు ముందు నాటడం. మంచు పడే చోట అయితే వసంతంలో మంచు పోగానే నాటాలి, ఎందుకంటే నాటిన దగ్గర్నుంచి కాయ చేతికి రావడానికి 120 నుంచి 150 రోజులు మంచు లేకుండా ఉండాలి. పూత మొదలైన రెండు వారాలకే మంచు పడే చోట ఇది లాభం లేని ఆట. వేడి ప్రాంతాలవాళ్లు తొలి వానలకు నాటుకుంటే చల్లబడే రోజులూ, పొట్టి పగళ్లూ కలిసొస్తాయి.

పూలు చిన్నవి, సెంటీమీటరు వెడల్పుకు అటూ ఇటూ, మీగడ రంగులోనో లేత పసుపుపచ్చలోనో ఉండి ఆకుల మధ్య కలిసిపోతాయి. వెతికితే గానీ కనిపించవు. ఒకే తీగ మీద మగ పూలు, ఆడ పూలు వేరు వేరుగా వస్తాయి. మగవి సన్నటి కాడ మీద గుత్తిగా, ఆడది ఎక్కువగా ఒంటరిగా, చాలాసార్లు అదే కణుపు దగ్గర. ఆడ పువ్వును గుర్తుపట్టడం తేలిక, రేకుల వెనకే బఠాణీ గింజంత బుల్లి కాయ, ముడత సహా అచ్చంగా తయారై ఉంటుంది. మగ పూలు ముందు వస్తే అవి రాలిపోతుంటే దిగులు పడక్కర్లేదు, రాలడమే వాటి పని.

పరాగసంపర్కం తేనెటీగలదే. ముఖ్యంగా మామూలు తేనెటీగల కంటే చిన్నగా ఉండే, కుట్టని తేనెటీగలకు ఈ పూలంటే ప్రాణం. తీగ ఒక్కటే ఉన్నా కాస్తుంది, రెండు ఉంటే పిందె బాగా నిలుస్తుంది. తేనెటీగల జాడే లేని చోట, ఎత్తైన బాల్కనీల్లాంటి చోట, పొద్దున పూట మగ పువ్వు తెంపి ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. పూలు చిన్నవి కాబట్టి సన్న బ్రష్ నయం. పిందె పసుపుపచ్చబడి రాలిపోతుంటే కారణాలు మూడే, పుప్పొడి అందలేదు, ఎండ ఎక్కువైంది, మట్టి ఒక రోజు ఎండి ఇంకో రోజు తడిసి ముద్దయింది. మొదటి దానికి బ్రష్, మూడో దానికి క్రమం తప్పని నీళ్లు. రెండో దానికి ఓపిక.

పురుగులూ తెగుళ్లూ దోస జాతికి వచ్చేవే దీనికీ వస్తాయి. పేనుబంక, తెల్లదోమ చివుళ్ల కింద చేరితే నీళ్ల పైపుతో బలంగా కొట్టడమే సగం వైద్యం. పోకపోతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి, పగలు కొడితే తేనెటీగలు పోతాయి. పొడి వాతావరణంలో ఆకుల వెనక సన్నటి బూజుగూడు, పైన తెల్ల చుక్కలు కనిపిస్తే అది నల్లి, దానికి కూడా ముందు నీళ్లే. ఆకు మీద పిండి చల్లినట్టు బూడిద తెగులు వస్తే ముదురు ఆకులు తీసేసి పందిరిలో గాలి ఆడేలా పలచన చేయాలి. గంధకం పొడి దొరికింది కదా అని ఎండలో చల్లకండి, దోస జాతి ఆకులు గంధకానికి మాడిపోతాయి. పండు ఈగ లేత పిందెలను పొడిచి గుడ్లు పెడుతుంది. పిందె నిలిచిందని తెలియగానే కాగితం సంచో సన్న వల సంచో తొడిగితే మందుల అవసరం ఉండదు. కుళ్లిన కాయలు పందిరి కింద వదిలేయకండి, ఈగలు వాటిలోనే పెరుగుతాయి.

కనిపించని శత్రువు నులిపురుగు, మట్టిలో ఉండి వేళ్లకు పట్టేది. మట్టి తడిగానే ఉంది, ఎరువు వేశారు, అయినా తీగ ఎదగదు, మధ్యాహ్నం వాలిపోతుంది. ఒక వేరు తీసి చూస్తే అక్కడక్కడ ముడులు ముడులుగా ఉబ్బి ఉంటుంది. అప్పటికే వచ్చేస్తే ఆ తీగను బాగుచేయడం కష్టం, కొత్త చోట మళ్లీ పెట్టుకోవడమే. నాటేటప్పుడే గుంతలో వేపపిండి కలపడం, చుట్టూ బంతి మొక్కలు వేయడం కొంత కాపాడుతుంది.

పిందె కట్టాక నాలుగు నుంచి ఐదు వారాలకు కాయ కోతకు వస్తుంది. గోరు గుచ్చితే తేలిగ్గా దిగాలి, తొక్క నిగనిగలాడాలి, అడుగు ముడత గట్టిగా మూసుకుని ఉండాలి. ముడత తెరుచుకోవడం మొదలైందంటే కూరకు ఆలస్యమైంది, మొలకకు పనికొస్తుంది. చేత్తో లాగకండి, కత్తెరతో చిన్న కాడ ఉంచి కోయండి, లాగితే కొమ్మ కూడా ఊడి వస్తుంది. వెంట వెంట కోస్తుంటేనే కొత్త పిందెలు నిలుస్తాయి. రెండో ఏడాదికి బాగా నిలదొక్కుకున్న తీగ సీజన్‌లో 100 కాయలు ఇవ్వడం వింతేమీ కాదు, కాబట్టి ఎవరెవరికి పంచాలో ముందే అనుకోండి.

కోసిన కాయలను మరీ చల్లగా, 7 డిగ్రీల కన్నా తక్కువలో పెడితే తొక్క మీద గుంటలు పడి గోధుమ రంగు మచ్చలు వస్తాయి, మరీ వెచ్చగా పెడితే మొలకెత్తుతాయి. 10 నుంచి 15 డిగ్రీల మధ్య చోటు దొరికితే నాలుగు వారాల పైనే నిలవ ఉంటాయి. చెక్కు తీసేటప్పుడు వచ్చే జిగురు చేతికంటి ఆరితే చర్మం బిగుసుకుపోయి పొర లేచినట్టు అవుతుంది, కొందరికి వేళ్లు మొద్దుబారతాయి కూడా. చేతికి నూనె రాసుకోండి, లేదా నీళ్లలో ముంచి చెక్కు తీయండి.

కాపు అయిపోయాక తీగ ఎండిపోతున్నట్టు కనిపిస్తే చచ్చిపోయిందనుకుని తవ్వేయకండి. నేలకు రెండు మూడడుగుల ఎత్తులో కోసేసి, ఎండు కాడలన్నీ పందిరి మీద నుంచి లాగేసి, మొదట్లో కొత్త ఎరువు వేసి మందంగా ఆకు కప్పండి. మంచు పడే చోట ఈ కప్పు అడుగు మందం ఉండాలి, మట్టి లోపల గడ్డకట్టకపోతే దుంప బతికి వేడి రాగానే మళ్లీ చిగురిస్తుంది. పందిరి ఖాళీగా దొరికేది ఈ ఒక్క సమయమే కాబట్టి వదులైన వైర్లు బిగించడం, కుంగిన గుంజ సరిచేయడం ఇప్పుడే చేసుకోవాలి. రెండో ఏడు దాటాక మొదలుకు దూరంగా, ఒక పక్క మాత్రం మట్టి తవ్వి ఒకటో రెండో దుంపలు తీసుకోవచ్చు, ఉడికించి తినడానికి బాగుంటాయి, కానీ మొదటి ఏడాది ముట్టుకోకండి, తీగకు అవే దాచుకున్న తిండి. కొన్నేళ్లకు కాయ చిన్నదవుతూ, కాపు పలచబడుతూ ఉంటే దాని మీద ఎరువులు పోస్తూ కూర్చోవడం దండగ. ఆ సీజన్‌లో అన్నిటికంటే బాగా కాసిన కొమ్మ మీద రెండు కాయలు కోయకుండా ముదరనిచ్చి, అవి నోరు తెరవగానే పందిరికి అవతలి మూల, పాత వేళ్లు లేని కొత్త గుంతలో పెట్టేయండి.